టాయ్ జాతి కుక్కల పెంపకం, ప్రదర్శన: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

ఒళ్లో ఒదిగేంత చిన్నవిగా, కాపలాకో వేటకో కంటే ముఖ్యంగా మనిషికి తోడుగా ఉండటానికి తరతరాలుగా ఎంచి పెంచుకుంటూ వచ్చిన కుక్కలను టాయ్ జాతులంటారు. పొమేరియన్, పగ్, షిట్జూ, చివావా, మాల్టీస్, పెకినీస్, యార్క్‌షైర్ టెర్రియర్, మినియేచర్ పిన్‌షర్ వీటిలో పేరున్నవి. ఒకటో రెండో తల్లి కుక్కలను ఇంట్లోనే ఉంచుకుని, ఏడాదికో రెండేళ్లకో ఒక ఈత తీసి, పిల్లలను తెలిసినవాళ్లకు ఇస్తూ, వీలు కుదిరినప్పుడు పోటీలకు తీసుకెళ్లే ఇళ్లు మన దేశంలో వేలల్లో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాల్లో చిన్న కుక్కల పెంపకం అంటే ముఖ్యంగా ఇదే. డజన్లకొద్దీ గూళ్లు, జీతగాళ్లు ఉండే వ్యాపార కెన్నెళ్లు మహానగరాల వ్యవహారం. ఇక్కడ వసారాలో ఒక మూల, వంటింట్లో ఒక గిన్నె, రాత్రిళ్లు మేలుకోగల మనిషి ఉంటే పెంపకం మొదలైపోతుంది.

మొదలుపెట్టడం ఇంత తేలిక కావడంతో, కుక్క చిన్నదైతే పని కూడా చిన్నదేనన్న నమ్మకం స్థిరపడిపోయింది. నిజం దీనికి పూర్తిగా వ్యతిరేకం. శరీరం చిన్నదయ్యేకొద్దీ కాన్పు ప్రమాదం పెరుగుతుంది, పిల్ల మరింత సున్నితమవుతుంది. లాబ్రడార్ ఎనిమిది పిల్లలు పెట్టి తనే సాకుకుంటుంది. చివావా రెండు పిల్లల కోసం ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి రావచ్చు. అందుకే ఈ పెంపకంలో ఏ నిర్ణయం తీసుకున్నా ముందు తల్లి కుక్కను చూడాలి. ఆ తర్వాతే పోటీ కప్పులు, వంశావళి పేపర్లు, ధరలు.

చిన్న ఒళ్లు ఎక్కడి నుంచి వచ్చింది

కుక్క పరిమాణాన్ని నిర్ణయించే జన్యువుల్లో ముఖ్యమైనది ఐజీఎఫ్-1. చిన్న జాతులన్నిటిలోనూ దాదాపు ఒకే రకం మార్పు ఆ జన్యువు దగ్గర ఉందని 2007లో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. ఆ మార్పును మనిషే ఇటీవల తెచ్చాడని అప్పట్లో అనుకున్నారు. 2022లో వచ్చిన మరో పరిశోధన ఆ ఊహను తలకిందులు చేసింది. 54,000 ఏళ్ల కిందటి సైబీరియా తోడేలు అవశేషంలోనే చిన్న ఒంటికి కారణమైన ఆ మార్పు కనిపించింది. అంటే బీజం ప్రకృతిలోనే ఉంది. దాన్ని పట్టుకుని పెంచింది మాత్రం మనిషి.

పగ్, పెకినీస్, షిట్జూ చైనా, టిబెట్ వైపు నుంచి వచ్చాయి. పగ్ డచ్చి వర్తకుల ద్వారా ఐరోపా చేరి అక్కడి రాజకుటుంబాలకు ముద్దుబిడ్డ అయింది. 1860లో ఆంగ్ల, ఫ్రెంచి సేనలు పెకింగు వేసవి రాజప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు దొరికిన పెకినీస్ కుక్కల్లో ఒకటి విక్టోరియా రాణికి చేరింది. దానికి పెట్టిన పేరు 'లూటీ'. చివావా మెక్సికోది. మాల్టీస్ మధ్యధరా తీరంలో అతి ప్రాచీన కాలం నుంచి ఉంది.

మన ప్రాంతానికి ఎక్కువ సంబంధమున్న కథ పొమేరియన్‌ది. బాల్టిక్ సముద్ర తీరంలోని పొమేరేనియా పేరు మీద పిలిచే ఈ కుక్క మొదట్లో ఇంత చిన్నది కాదు, మధ్యస్థ పరిమాణపు స్పిట్జ్. విక్టోరియా రాణి 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు 'మార్కో' అనే పొమేరియన్‌ను తెచ్చుకున్నది. దాని బరువు సుమారు ఐదున్నర కిలోలు. 1891లో లండన్‌లో జరిగిన తొలి క్రఫ్ట్స్ ప్రదర్శనలో రాణిగారి పొమేరియన్లు పాల్గొన్నాయి. ఆ తర్వాత అందరికీ చిన్న పొమేరియనే కావాల్సి వచ్చింది. నేటి ప్రదర్శన పొమేరియన్ మూడు కిలోల లోపే ఉంటుంది. ఒక జాతి శరీరాన్ని పోటీల మోజు ఎంత తొందరగా మార్చగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కుక్కల పోటీలన్నవే పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్లేయుల సృష్టి. 1859లో న్యూకాసిల్‌లో జరిగిన మొదటి ప్రదర్శనలో ఉన్నవి వేటకుక్కలే. 1873లో బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ ఏర్పడి వంశావళుల నమోదు, జాతి ప్రమాణాలు ఒక పద్ధతికి వచ్చాయి. మన దేశంలో కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా తన పుట్టుకను 1896 నుంచి లెక్కిస్తుంది. తొలినాళ్లలో ఆంగ్ల అధికారులు, సంస్థానాధీశులే అందులో ప్రముఖులు. నేడు దాని కేంద్రం చెన్నైలో ఉంది. 1911లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐతో దానికి అనుబంధం ఉంది. ఎఫ్‌సీఐ విభజనలో తోడు కుక్కలన్నీ తొమ్మిదో గ్రూపు. అయితే పొమేరియన్ అయిదో గ్రూపులో స్పిట్జ్‌లతో, మినియేచర్ పిన్‌షర్ రెండో గ్రూపులో డాబర్‌మన్‌తో, యార్క్‌షైర్ మూడో గ్రూపులో టెర్రియర్లతో కలిసి నిలబడతాయి. ఒళ్లో కూర్చునే కుక్కలన్నీ ఒకే వరుసలో ఉంటాయనుకుని పోటీ రింగ్ దగ్గరికి వెళ్లే కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

తెల్ల బొచ్చు కుక్క

ఉత్తరాంధ్రలో పాతికేళ్లు దాటిన ఏ మనిషిని అడిగినా చిన్నప్పుడు వీధిలో ఎవరో ఒకరింట్లో తెల్ల బొచ్చు కుక్క ఉండేదని చెబుతారు. దాన్ని అందరూ పొమేరియన్ అనే పిలిచారు. నిజానికి వాటిలో అత్యధికం ఇండియన్ స్పిట్జ్. ఆంగ్లేయుల కాలంలో వచ్చిన జర్మన్ స్పిట్జ్ వంశం నుంచి, మన వేడికి, మన తిండికి అలవాటు పడేలా ఏర్పడిన జాతి ఇది. చిన్న రకం ఐదు నుంచి ఏడు కిలోలు, పెద్ద రకం పన్నెండు కిలోలు దాటి ఇరవై దాకా తూగుతుంది. విదేశీ కుక్కల దిగుమతి కష్టమైన రోజుల్లో పెరుగన్నం తిని, ఫ్యాను కింద పడుకుని పన్నెండు పదమూడేళ్లు బతికే ఈ కుక్క మధ్యతరగతి ఇళ్లను గెలుచుకుంది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమా తెలుగులో 'ప్రేమాలయం'గా ఆడింది. అందులోని టఫీ ఇండియన్ స్పిట్జే. దానితో ఈ జాతి ఇంటింటి పేరైంది.

2003లో హచ్ టెలిఫోన్ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట నడిచే పగ్ టీవీల్లో కనిపించగానే గాలి అటు తిరిగింది. చిన్న పట్టణాల్లో కూడా 'హచ్ కుక్క' కావాలని అడగడం మొదలైంది. కొనేవాళ్లు పెరిగిన కొద్దీ ఏ పగ్‌ను ఏ పగ్‌తో కట్టిస్తున్నారో చూసేవాళ్లు తగ్గారు. ఇటీవల అదే మోజు షిట్జూ, చిన్న పొమేరియన్ల మీదికి మళ్లింది. వీటన్నిటి మధ్య ఇండియన్ స్పిట్జ్ వెనకబడింది. ఈ రెండు జిల్లాల వాతావరణానికి, ఇంటి ఖర్చుకు, కాన్పు సౌలభ్యానికి అన్నివిధాలా సరిపడే చిన్న కుక్క ఏదని అడిగితే జవాబు ఇప్పటికీ అదే. దాన్ని శ్రద్ధగా, రికార్డులు రాసుకుంటూ పెంచే కుటుంబాలు పెరగాల్సిన అవసరం ఉంది. తెలుగు నేల సొంత జాతిగా పేరున్న జోనంగి కొల్లేరు, గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో ఆసక్తిపరుల చొరవతో మళ్లీ వెలుగులోకి వస్తోంది. ఇండియన్ స్పిట్జ్‌కు అలాంటి పట్టుదల గలవాళ్లు ఇంకా కావాలి.

ఉక్క, వాన, తుపాను

కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చి, ఆవిరి ద్వారా ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు ఆ ఆవిరి సరిగా పోదు. ఏప్రిల్, మే నెలల్లో శ్రీకాకుళం తీరంలో ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇక్కడ ప్రమాదం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ముక్కు చట్టిగా ఉండే పగ్, పెకినీస్, షిట్జూలకు ఇది రెండింతలు. వాటి ముక్కు రంధ్రాలు సన్నం, కొండనాలుక వైపు మెత్తటి కండ పొడవు. మామూలు రోజునే గురక పెడుతూ ఊపిరి తీసుకునే కుక్క ఉక్కపోతలో అరగంట తిరిగితే వడదెబ్బకు గురికావచ్చు. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజ్ పరిశోధకులు 2022లో పగ్‌ల ఆరోగ్యాన్ని ఇతర కుక్కలతో పోల్చి, ఆరోగ్యం విషయంలో పగ్‌ను మామూలు కుక్కగా పరిగణించలేని స్థితి వచ్చిందని తేల్చారు. పుర్రె పొడవులో మూడో వంతు కూడా ముట్టె లేని కుక్కలను ఈనించకూడదని నెదర్లాండ్స్ నిబంధన పెట్టింది. ఈ తీరంలో పగ్ పెంచదలచిన కుటుంబం ముట్టె కాస్త పొడవుగా, ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకుని ఉన్న కుక్కలనే ఎంచుకోవాలి. నడక ఉదయం ఏడు లోపే. మధ్యాహ్నం ఫ్యానుకు తోడు తడిగుడ్డ, చల్లటి గచ్చు తప్పనిసరి.

ఎండలు మొదలవగానే పొమేరియన్, స్పిట్జ్‌ల బొచ్చు మొత్తం గొరిగించడం ఇక్కడ చాలా ఇళ్లలో కనిపించే అలవాటు. ఈ జాతులకు లోపల మెత్తటి బొచ్చు, పైన గట్టి వెంట్రుక, రెండు పొరలుంటాయి. పై పొర ఎండను అడ్డుకుంటుంది. చర్మం దాకా గొరిగితే ఆ బొచ్చు ఒక్కోసారి మళ్లీ సరిగా రాదు. పొమేరియన్‌లో ఇది తరచుగా చూసేదే. రోజూ దువ్వి రాలే లోపలి బొచ్చును తీసేయడమే సరైన మార్గం. వానాకాలంలో బొచ్చు తడిసి ఉండలు కడితే కింద చర్మం పుండ్లు పడుతుంది, ఫంగస్ పడుతుంది. స్నానం చేయించాక వేళ్లతో బొచ్చు పాయలు తీసి వేళ్ల సందులు, చెవుల వెనక, తొడల లోపలి భాగం ఆరేదాకా ఆరబెట్టాలి.

గోమార్లు ఈ ప్రాంతపు అసలు శత్రువు. అవి కుట్టడం ద్వారా ఎర్లీకియా, బబేసియా అనే రక్త వ్యాధులు వస్తాయి. చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులోకి మారడం, తిండి మానడం కనిపించిన రోజే రక్తపరీక్ష చేయించాలి. మూడు కిలోల కుక్కకు రక్తం తగ్గడం మొదలైతే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. వరి పొలాల మధ్య ఊళ్లలో ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది మనుషులకు కూడా పాకే జబ్బు.

తుపాను ఈ తీరానికి కొత్త కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ప్రాంతమంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని, దాంతోపాటు విజయనగరం జిల్లాను ముంచింది. అక్టోబరు, నవంబరుల్లో కాన్పు వచ్చేలా కుక్కను కట్టించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కరెంటు దీపం వెచ్చదనం మీద ఆధారపడిన పసికూనలకు కరెంటు పోయిన రాత్రి ప్రాణాంతకం. వేడినీళ్ల సీసాలు, మందపాటి గుడ్డలు, ఇన్వర్టరు, కాన్పు గది కిటికీకి అడ్డుతెర ముందే సిద్ధం చేసుకోవాల్సిందే.

కట్టించడం నుంచి కాన్పు దాకా

చిన్న జాతి ఆడకుక్క తొలిసారి ఆరు నుంచి పది నెలల మధ్య ఎదకు వస్తుంది. ఎదకు వచ్చింది కదా అని అప్పుడే కట్టించకూడదు. ఒళ్లు ఎదగాలి, మోకాలిచిప్పలు చూడాలి. చిన్న జాతుల్లో మోకాలిచిప్ప పక్కకు జారడం ప్రధాన వంశపారంపర్య లోపం. వైద్యుడు చేత్తో తాకి దాన్ని ఒకటి నుంచి నాలుగు దశలుగా అంచనా వేస్తాడు. కుక్క పరుగెత్తుతూ మధ్యలో ఒక వెనక కాలెత్తి రెండడుగులు కుంటి మళ్లీ మామూలుగా పరుగెత్తితే చాలామంది అది కుక్క అలవాటు అనుకుంటారు. అది జారిన చిప్ప. అలాంటి కుక్కను ఎంత అందంగా ఉన్నా ఈనించకూడదు. శ్వాసనాళం నొక్కుకుపోవడం, గుండె కవాటాల బలహీనత, చివావాలో తల లోపల నీరు చేరడం కూడా ముందే చూడాల్సినవి.

ఎద మొదలైన తొమ్మిదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య చాలా కుక్కలు మగకుక్కను ఒప్పుకుంటాయి. రక్తంలో ప్రొజెస్టెరాన్ పరీక్ష చేయిస్తే తేదీ ఖచ్చితంగా తెలుస్తుంది. మగకుక్క పరిమాణం ఆడకుక్క కంటే కాస్త చిన్నగా ఉండటం మంచిది. తల మరీ పెద్దదైన మగకుక్కను ఎంచుకుంటే ఆ భారం కాన్పులో తల్లి మీద పడుతుంది.

గర్భం సుమారు 63 రోజులు. 25, 30 రోజులకు స్కానింగ్‌లో పిల్లలు కనిపిస్తాయి. కాన్పుకు వారం పది రోజుల ముందు ఎక్స్‌రే తీయిస్తే ఎన్ని పిల్లలో లెక్క తేలుతుంది. ఈ ఎక్స్‌రే విషయంలో లోభం పనికిరాదు. చిన్న జాతుల్లో ఒక ఈతకు ఒకటి నుంచి నాలుగు పిల్లలు మామూలు. ఒక్కటే పిల్ల ఉంటే అది కడుపులో బాగా పెరిగి, తల పెద్దదై ఇరుక్కుపోతుంది. ఆ సంగతి ముందే తెలిస్తే సిజేరియన్‌కు సిద్ధంగా ఉండొచ్చు.

కడుపుతో ఉన్న కుక్కకు ప్రేమ కొద్దీ కాల్షియం సిరప్ తాగించడం మన ఇళ్లలో ఎక్కువ. ఇది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. బయటి నుంచి కాల్షియం అందుతుంటే ఎముకల నుంచి దాన్ని తీసుకునే శక్తి ఒంటికి తగ్గిపోతుంది. కాన్పయ్యాక పాలు పడే రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా కాల్షియం పడిపోయి తల్లి వణకడం, కాళ్లు బిగుసుకోవడం, జ్వరం రావడం మొదలవుతాయి. దీన్ని ఎక్లాంప్సియా అంటారు. గంటల్లో సూది మందు పడకపోతే తల్లి దక్కదు. గర్భంలో మంచి తిండి, పాలిచ్చే రోజుల్లో వైద్యుడి సలహాతో కాల్షియం, ఇదీ వరస.

కాన్పుకు ఒకరోజు ముందు తల్లి ఒంటి వేడి తగ్గుతుంది. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండేది 99 కిందికి దిగితే ఇరవై నాలుగు గంటల్లోపు నొప్పులు వస్తాయి. ఆఖరి వారం పొద్దునా సాయంత్రం ఉష్ణోగ్రత చూసి కాగితం మీద రాసుకునే ఇల్లు అకస్మాత్తు కాన్పుకు చిక్కదు. అరగంట పాటు గట్టిగా ముక్కినా పిల్ల బయటికి రాకపోతే, మొదటి పిల్ల పుట్టకముందే ఆకుపచ్చ స్రావం కనిపిస్తే, లోపల ఇంకా పిల్లలున్నాయని తెలిసి రెండు గంటలు గడిచినా నొప్పులు రాకపోతే ఇక ఇంట్లో చేయగలిగింది లేదు. వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

పెద్ద కష్టం ఇక్కడే ఉంది. అర్ధరాత్రి చిన్న కుక్కకు మత్తిచ్చి సిజేరియన్ చేయగల చోటు ఇచ్ఛాపురం నుంచో, పార్వతీపురం నుంచో చూస్తే చాలా దూరం. మండలాల్లోని పశువైద్యశాలల పని ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలతోనే సరిపోతుంది. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల ఏర్పడటం ఈ ప్రాంతానికి కలిసొచ్చిన విషయం. రాత్రి కేసుకు చాలామంది ఇప్పటికీ విశాఖపట్నం దారి పడతారు. కాబట్టి తల్లి ఎదకు రాకముందే, ఏ వైద్యుడు రాత్రి పలుకుతాడో, అక్కడికి ఎంతసేపు పడుతుందో, బండి ఎవరిదో తేల్చుకోవాలి. ఆ మూడూ తేలని ఇంట్లో చివావాను, పగ్‌ను ఈనించడం తల్లి ప్రాణంతో పందెం కాయడమే.

తొలి మూడు వారాలు

అప్పుడే పుట్టిన చిన్న పొమేరియన్ పిల్ల నూరు, నూటయాభై గ్రాముల మధ్య ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే వేళ్లు ముడవడానికి కూడా భయమేస్తుంది. కళ్లు మూసుకుని ఉంటుంది, చెవులు వినపడవు, సొంతంగా ఒళ్లు వేడి చేసుకోలేదు. తల్లి మాయ చింపి, బొడ్డు కొరికి, నాకి ఊపిరి ఆడేలా చేస్తుంది. తొలిచూలు తల్లి బిక్కచచ్చి కూర్చుంటే ఆ పని మనిషి చేయాలి. ముక్కు మీద పొర తీసి, మెత్తటి పాత తువ్వాలుతో వీపు మీద రుద్దితే కీచుమనే గొంతు వినిపిస్తుంది. మొదటి వారం పెట్టెలో 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం ఉండాలి. మే నెలలో ఇక్కడ అది దానంతటదే ఉంటుంది. డిసెంబరులో ఉండదు. మొదటి రోజు ముర్రుపాలు తాగడం రోగనిరోధక శక్తికి ప్రాణాధారం.

ప్రతి పిల్ల మెడకు ఒక్కో రంగు ఊలు దారం వదులుగా కట్టి, వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద రోజూ ఒకే వేళకు తూచి, నోటుపుస్తకంలో గ్రాముల్లో రాసుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల వారం పది రోజుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు తూగుతుంది. ఒకరోజు బరువు పెరగకపోతే జాగ్రత్త పడాలి, తగ్గితే ఆ గంటలోనే ఏదో ఒకటి చేయాలి. ఆ నోటుపుస్తకం ఏ మందుకన్నా ముందు ప్రాణం కాపాడుతుంది. రెండో వారం చివరికి కళ్లు తెరుచుకుంటాయి. మూడు నాలుగు వారాలకు మెత్తగా చిదిమిన తిండి నాకడం మొదలుపెడతాయి.

చిన్న జాతి పిల్లల్లో రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవడం మరో ముప్పు. మూడు నెలల లోపు పిల్ల నాలుగైదు గంటలు తిండి లేకపోతే తూలుతుంది, కళ్లు తేలేస్తుంది. చిగుళ్లకు తేనె కాని గ్లూకోజ్ నీళ్లు కాని రాసి వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. కొత్త ఇంటికి వెళ్లిన మొదటి రోజే ఇలా జరగడం మామూలు. బెంగతో పిల్ల తినదు, అది కొత్త చోటుకు అలవాటు పడలేదని తీసుకెళ్లినవాళ్లు సరిపెట్టుకుంటారు. పిల్లను ఇచ్చేటప్పుడు ఈ మాట కాగితం మీద రాసి ఇవ్వడం పెంపకందారు బాధ్యత.

రెండు వారాల వయసు నుంచి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. టీకాలు పూర్తి కాకుండా వీధిలోకి దించితే పార్వో ఒక ఈత మొత్తాన్ని నాలుగు రోజుల్లో తీసుకుపోతుంది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల ఏం చూస్తుందో, ఏం వింటుందో అదే దాని స్వభావం అవుతుంది. మిక్సీ చప్పుడు, గుడి మైకు, పిల్లల గోల, ముసలాయన చేతికర్ర అన్నీ ఆ వయసులోనే పరిచయం కావాలి. కుటుంబ పెంపకంలో పుట్టిన పిల్ల మూసిన గూట్లో పుట్టిన పిల్లకంటే మెరుగ్గా ఉండటానికి కారణం ఇదే. సిరిమాను పండుగ జనం మధ్యకో, దీపావళి టపాసుల మధ్యకో పసిపిల్లను తీసుకెళ్లడం మాత్రం అలవాటు చేయడం కాదు, జడిపించడం.

రింగ్‌లోకి

పోటీకి వెళ్లాలంటే కుక్కకు కెన్నెల్ క్లబ్ నమోదు ఉండాలి. వాడుకలో వీటినే 'పేపర్లు' అంటారు. తల్లీతండ్రీ ఇద్దరికీ నమోదు ఉండి, ఈతను కూడా నమోదు చేయిస్తేనే పిల్లకు పేపర్లొస్తాయి. గుర్తింపు కోసం చర్మం కింద మైక్రోచిప్ వేస్తారు. పేపర్లు వంశాన్ని చెబుతాయి, ఆరోగ్యాన్ని చెప్పవు. ఈ తేడా తెలియక పేపర్లున్న జబ్బు కుక్కకు రెండింతలు పెట్టి కొన్నవాళ్లు చాలామంది.

రెండు జిల్లాల వాళ్లకు దగ్గరలో పోటీలు చూడాలన్నా, పాల్గొనాలన్నా విశాఖపట్నమే మొదటి మెట్టు. ఆ తర్వాత భువనేశ్వర్, హైదరాబాద్, చెన్నై. వాతావరణం అనుకూలంగా ఉండటం వల్ల శీతాకాలమే ప్రదర్శనల కాలం. రైల్లో వెళ్లేవాళ్లు ఫస్ట్ ఏసీలో గది మొత్తం తీసుకుంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. లేదంటే గార్డు పెట్టెలోని కుక్కల గూటిలో వేయాలి. చిన్న జాతి కుక్కను ఆ గూట్లో పంపడం కంటే కారులో వెళ్లడం మేలు.

చిన్న కుక్కలను న్యాయనిర్ణేత బల్ల మీద నిలబెట్టి పరిశీలిస్తాడు. ముందు ముఖం, ఆ తర్వాత పెదవులెత్తి పళ్ల కలయిక. పొమేరియన్‌కు పై పళ్లు కింది పళ్ల మీద కత్తెరలా కూర్చోవాలి. పగ్‌కు కింది దవడ కాస్త ముందుకు ఉండొచ్చు. వేళ్లతో పక్కటెముకలు, వీపు, మోకాళ్లు తడిమి చూస్తాడు. మగకుక్కకు రెండు వృషణాలూ దిగి ఉండాలి. ఆ తర్వాత నేల మీద తిన్నగా వెళ్లి రమ్మంటాడు, గుండ్రంగా తిప్పమంటాడు. బొచ్చు కింద దాగిన వంకర కాలు ఆ నడకలో బయటపడిపోతుంది. చివావా ఒకటిన్నర నుంచి మూడు కిలోలు, పగ్ సుమారు ఆరున్నర నుంచి ఎనిమిది కిలోలు, మాల్టీస్ మూడు నాలుగు కిలోలు అని జాతి ప్రమాణాల్లో రాసి ఉంటుంది. ప్రమాణం కంటే చిన్నదైతే గొప్ప అనుకోవడం పొరపాటు.

ఇందుకు తయారీ రెండు నెలల వయసులో ఇంట్లోనే మొదలవుతుంది. రోజూ రెండు నిమిషాలు బల్ల మీద నిలబెట్టడం, ఇంటికొచ్చిన చుట్టాలతో పళ్లు చూపించడం, పాదాలు తాకించడం చేస్తే చాలు. బల్ల జారకుండా రబ్బరు పరవాలి. కిందికి దూకితే ఆ వయసులో ముంజేతి ఎముక పుటుక్కున విరుగుతుంది. ఇళ్లలో ఈ పని ఎక్కువగా కాలేజీ వయసు పిల్లలు చేస్తారు, హ్యాండ్లర్లు కూడా వాళ్లే అవుతారు. ముందు జాతిలో ఉత్తమమైనది, తర్వాత గ్రూపులో, చివరికి ప్రదర్శన మొత్తానికి ఉత్తమమైనది తేలుతుంది. వేర్వేరు న్యాయనిర్ణేతల దగ్గర ఛాలెంజ్ సర్టిఫికెట్లు కూడబెట్టుకున్న కుక్కకు ఛాంపియన్ హోదా వస్తుంది. దేశంలో పుట్టిన కుక్కలకు విడిగా 'బ్రెడ్ ఇన్ ఇండియా' తరగతి ఉంది. చిన్న పెంపకందారుకు నిజమైన గుర్తింపు అక్కడే దొరుకుతుంది.

చట్టం, కొనుగోలుదారు

2017 మే నెలలో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు తెచ్చింది. ఇంట్లో రెండు కుక్కలుండి పిల్లలను అమ్మేవాళ్లు కూడా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేసుకోవాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను, ఎనిమిదేళ్లు దాటిన దాన్ని ఈనించకూడదు. జీవితకాలంలో ఐదు ఈతలు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. రికార్డులు ఉంచాలి. వ్యాపార పెంపకం కోసం విదేశీ కుక్కల దిగుమతిని 2016లోనే కట్టడి చేశారు. ఈ నియమాలు చిన్న కుటుంబాలకు భారమనే మాట వినిపిస్తుంది. పైన చెప్పిన సంగతులన్నీ పాటించే ఇంటికి ఇందులో కొత్త భారమేమీ లేదు. ఏడాదికి రెండు ఈతలు తీసి నాలుగో వారంలోనే పిల్లలను సంతలో సరుకులా పంపేవాళ్లకే ఇవి అడ్డు, అడ్డు కావాలి కూడా.

'టీకప్' పేరుతో అమ్మే జాతి ఏదీ లేదు. ప్రమాణం కంటే బాగా చిన్నగా పుట్టిన బలహీనమైన పిల్లకో, నెల తక్కువ వయసు చెప్పిన పిల్లకో పెట్టే పేరది. కొనేవాళ్లు అడగడం మానితే దాన్ని పుట్టించేవాళ్లు మానతారు. పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు తల్లి ఎక్కడుందని అడగండి. అది నడిచి మీ దగ్గరికి వచ్చేదాకా ఆగండి, దాని మోకాళ్లు, పళ్లు, ఊపిరి గమనించండి. వైద్యుడి సంతకమున్న టీకా కార్డు, ఈత తేదీ, చిప్ నంబరు చూడండి. తల్లిని చూపించని ఇంట్లో ధర ఎంత తక్కువైనా పిల్లను కొనకండి.